ఇంట్లోనే ఉండి ముప్పై వారాల రిట్రీట్ చేసా, ఇదీ నా రివ్యూ

ముందే చెప్తున్నా, పెద్ద పోస్ట్ ఇది, తీరిగ్గా ఉన్నప్పుడు చదవండి. ఆన్‌లైన్‌లో ఇగ్నేషియన్ రిట్రీట్, అంటే పునీత (సెయింట్) ఇగ్నేషియస్ గారి పద్ధతిలో ప్రార్థన, ధ్యానం నేర్పే ఒక సర్వీస్‌లో చేరా, ముప్పై వారాలు, పోయిన నెలలో అయిపోయింది. సర్వీస్ పేరు రాయట్లేదు. తిట్టాల్సినవి కొన్ని ఉన్నాయి, పొగడాల్సినవేమో వాళ్ళ వల్ల కంటే నాకు గైడ్‌గా దొరికిన సిస్టర్ గారి వల్ల వచ్చినవే ఎక్కువ. అయినా ఇలాంటివి ఇచ్చేవాళ్ళు చాలామందే ఉన్నారు, ఎవరి దగ్గర చేరినా అసలు సరుకు ఒకటే, ఐదొందల ఏళ్ళ నాటిది, మారేదల్లా ప్యాకింగ్. చేరాలా వద్దా అని ఊగిసలాడేవాళ్ళకి పనికొస్తుందని రాస్తున్నా.

నా సంగతి కొంచెం చెప్పాలి, లేకపోతే మిగతాది అర్థం కాదు. ఆదివారం పూజ తప్పను, బ్యాగులో జపమాల ఉంటుంది, ఏడాదికి రెండు మూడుసార్లు పాపసంకీర్తనం చేస్తా (ఫాదర్ గారి దగ్గర తప్పులు ఒప్పుకోవడం), ఈస్టర్‌కి ముందు తపస్సుకాలంలో సిలువమార్గం ప్రార్థనకి వెళ్తా. బయటి నుంచి చూస్తే ఏ లోటూ లేదు. ఇంట్లో ఉండేది ఉద్యోగం చేసే మా ఆయన, ఉద్యోగం చేసే నేను, ఇద్దరు పిల్లలు, మా మామయ్య గారు. మామయ్య గారికి ఎనభై దాటాయి, మతిమరుపు బాగా ముదిరింది. రాత్రి తొమ్మిది దాటితే చాలు గది లోంచి పిలుపు మొదలు, "అమ్మాయ్, గేటుకి తాళం వేశావా?" అని. వేసా మామయ్యా అంటా. రెండు నిమిషాలకి మళ్ళీ అదే. ఒక్కోరోజు పదిసార్లు, పన్నెండుసార్లు. మొదటి రెండుసార్లు మామూలుగానే చెప్తా, మూడోసారి నుంచి గొంతు మారిపోతుంది, ఏడోసారికి "వేసాను అన్నానుగా!" అని గోడలు అదిరేలా అరుస్తా, ఆయన బిక్కమొహం వేసుకుని పడుకుంటారు, నేను వెళ్ళి జపమాల తీసుకుని మరియమ్మతో మాట్లాడుకుంటా. ఇది ఏళ్ళ తరబడి జరిగింది. చర్చిలో ఒక మనిషిని, గుమ్మం దాటి లోపలికొచ్చాక ఇంకో మనిషిని అన్న సంగతి నాకు తెలుసు, తెలిసీ ఏం చేయాలో తెలీలేదు, ఫాదర్ గారికి చెప్తే "సహనం కోసం ప్రార్థించమ్మా" అనేవారు. ప్రార్థించేదాన్ని. సహనం మాత్రం రాలేదు.

నాకు ఎప్పట్నుంచో ముప్పై రోజుల వడకానికి, అంటే రిట్రీట్‌కి వెళ్ళాలని కోరిక. మౌనంగా, ఫోన్ లేకుండా, ఎక్కడికో దూరంగా. నిజం చెప్పాలంటే అందులో భక్తి సగం, ఇంటి నుంచి పారిపోవాలనే ఆశ సగం. కుదిరే పని కాదు, మామయ్య గార్ని ఎవరు చూసుకుంటారు. అప్పుడు తెలిసింది ఈ ఇంటి పద్ధతి గురించి. పునీత ఇగ్నేషియస్ లొయోలా గారు స్పిరిచువల్ ఎక్సర్‌సైజెస్ అని ఆధ్యాత్మిక సాధనల పుస్తకం ఒకటి రాసారు కదా, దాని మొదట్లో ఇరవై సూచనలు ఉంటాయి, ఇరవయ్యోది అన్నీ వదిలేసి ఏకాంతానికి వెళ్ళగలిగేవాళ్ళకి, పంతొమ్మిదోది బాధ్యతల్లో ఇరుక్కుని కదల్లేనివాళ్ళకి. రోజుకి గంటన్నర కేటాయించుకో చాలు, ఉన్నచోటే ఉండి చెయ్యి అంటారు. ఇప్పుడు ఇచ్చేవాళ్ళు దాన్నే వారాలుగా సాగదీసి ఇస్తున్నారు. అంటే ఇది మనలాంటివాళ్ళ కోసం ఆన్‌లైన్ కాలంలో పుట్టించిన షార్ట్‌కట్ కాదు, ఆయన పుస్తకంలోనే ఉన్నది.

ఆయన కథ చాలామందికి తెలిసే ఉంటుంది, రెండు ముక్కల్లో చెప్తా. 1521 మే 20న స్పెయిన్‌లో పాంప్లోనా కోట దగ్గర యుద్ధంలో ఫిరంగి గుండు తగిలి కాలు విరిగింది. నెలల తరబడి మంచం. చదువుకోడానికి ఆయన అడిగిన వీరగాథలు ఆ ఇంట్లో లేవు, క్రీస్తు జీవితం, పునీతుల చరిత్రలు ఉంటే అవే ఇచ్చారు. అప్పుడు ఒకటి గమనించారు. ఒక దొరసాని మెప్పు కోసం చేయబోయే సాహసాల గురించి ఊహించుకుంటే ఆ కాసేపూ బాగుండేది, తర్వాత మనసంతా చప్పగా అయిపోయేది. పునీతుల్లా బతకాలని ఊహించుకుంటే మాత్రం తర్వాత కూడా హాయి మిగిలేది. అంతే. మొత్తం పద్ధతి అక్కడ పుట్టింది, ఆలోచన వచ్చి వెళ్ళాక మనసులో ఏం మిగిలిందో చూసుకోవడం. తర్వాత అదే దేశంలో మన్రేసా అనే ఊళ్ళో కొన్ని నెలలుండి అక్కడే రాసుకోవడం మొదలుపెట్టారు, చాలా ఏళ్ళు దిద్దుకున్నారు, 1548లో మూడో పౌలు పోపుగారు ఆ పుస్తకాన్ని ఆమోదించారు.

సరే సర్వీస్ సంగతికి వద్దాం. చేరగానే పోర్టల్ లాగిన్ ఇస్తారు, వారానికొక పీడీఎఫ్, రోజుకొక ఆడియో, వారానికి ఒకసారి గైడ్‌తో నలభై నిమిషాల వీడియో కాల్, రెండు వారాలకోసారి గ్రూప్ కాల్. ఫీజు అని పెట్టలేదు, ఇవ్వగలిగింది ఇవ్వమన్నారు, అడిగి పీడించలేదు, ఆ విషయంలో నిజాయితీగా ఉన్నారు. ఇంకో మంచి పని, మొదటి రోజే రాసిపెట్టారు, ఇది పూజకి బదులు కాదు, పాపసంకీర్తనం గురువు దగ్గరికి వెళ్ళి చేసుకోవాల్సిందే, వీడియో కాల్‌లో గైడ్‌కి చెప్పుకున్నది దివ్యసంస్కారం (జ్ఞానస్నానం, పాపసంకీర్తనం లాంటివి) కింద లెక్క కాదు అని. ఇంటర్నెట్‌లో దివ్యసంస్కారాలు ఉండవని వాటికన్ 2002లోనే చెప్పింది, అయినా కొందరు కలగలిపేస్తున్నారు కాబట్టి రాసిపెట్టడం మంచిదే.

ఇప్పుడు తిట్లు. పీడీఎఫ్‌లు. ఎవరు అనువాదం చేసారో గానీ ఒక వాక్యం చదవడానికి మూడుసార్లు ఊపిరి పీల్చుకోవాలి. "కావున ధ్యానించువాడు తన అంతరంగ చలనములను వివేచించుకొనవలయును" టైపులో ముప్పై వారాలు. నేను మూడో వారానికే అవి తెరవడం మానేసి బైబిల్ వచనాల లిస్టు మాత్రం చూసుకునేదాన్ని. ఆడియోల్లో వెనకాల ఏదో వేణువు మ్యూజిక్, మధ్యలో తగ్గించే బటన్ కూడా లేదు, మౌనంగా ఉండండి అని చెప్పే గొంతు వెనకే వేణువు మోగుతుంటుంది, ఏం మౌనమో నాకైతే అర్థం కాలేదు.

గ్రూప్ కాల్స్ దండగ. తొమ్మిదిమందిమి, ఇద్దరే మాట్లాడతారు, మిగతావాళ్ళం "చాలా బాగా చెప్పారు" అంటాం.

అన్నిటికంటే ఘోరం ఆ స్ట్రీక్. అంటే వరసగా ఎన్ని రోజులు ప్రార్థన చేసావో లెక్క చూపించే నంబర్, పక్కన చిన్న మంట బొమ్మ. చిన్నోడికి జ్వరం వచ్చి రెండు రాత్రులు వాడి దగ్గరే కూర్చున్నా, మూడోరోజు తెరిస్తే 41 కాస్తా సున్నా అయ్యి కూర్చుంది, "మళ్ళీ మొదలుపెడదాం!" అని ఒక నవ్వు మొహం. జ్వరంతో ఉన్న పిల్లాడి దగ్గర కూర్చోవడం ప్రార్థన కింద లెక్క కాదన్నమాట వాళ్ళ సాఫ్ట్‌వేర్‌కి. ఫ్రాన్సిస్ పోపుగారు 2018లో పవిత్రత గురించి రాసిన లేఖలో ఒక ఆవిడ ఉదాహరణ ఇచ్చారు, సామాన్లు కొనుక్కోడానికి వెళ్ళిన ఆవిడ దారిలో కలిసినావిడతో మాట్లాడుతుంటే కబుర్లు చాడీల్లోకి దిగబోతాయి, నేను ఎవరి గురించీ చెడ్డగా మాట్లాడను అని మనసులో అనుకుంటుంది, ఇంటికొచ్చాక బిడ్డ ఏదో చెప్పుకోవాలంటే అలసిపోయి ఉన్నా పక్కన కూర్చుని ఓపిగ్గా వింటుంది, అవే ఆవిడ్ని పవిత్రత వైపు నడిపించే అడుగులు అంటారు ఆయన. ఆ ఆవిడ స్ట్రీక్ ఎంత ఉంటుందో మరి.

గైడ్ విషయంలోనూ ఒక దెబ్బ తగిలింది. మొదట ఇచ్చిన గైడ్ నలభై నిమిషాల్లో ముప్పై అయిదు నిమిషాలు తనే మాట్లాడేవారు, ప్రతి వారం ఒక ప్రసంగం, నేను తల ఊపడం. ఆరో వారంలో కాల్ కలిపితే వేరే మొహం. చెప్పలేదు, మెసేజ్ లేదు, "మీ గైడ్ మారారు" అన్న మెయిల్ రెండు రోజుల తర్వాత వచ్చింది. మనసులోది విప్పి చెప్పుకునే పనిలో మనిషిని మార్చేటప్పుడు ఒక మాట చెప్పాలా వద్దా? కంప్లైంట్ పెట్టా కూడా. జవాబు రాలేదు. ఐతే మారిపోయి వచ్చింది సిస్టర్ గారు కాబట్టి ఆ కంప్లైంట్ ఇప్పుడు వెనక్కి తీసుకోవాలో ఏమో తెలీట్లేదు.

సిస్టర్ గారు చాలా తక్కువ మాట్లాడతారు. మొదటి కాల్‌లోనే నాకు చిరాకేసింది. నేను ఏదేదో చెప్పా, ఆవిడ "ఊ" అన్నారు. చెప్పా, "ఊ". చివర్లో అడిగారు, "ఏ టైముకి కూర్చుంటున్నావమ్మా? ఎక్కడ? ఫోన్ ఎక్కడ పెడుతున్నావు? ఎంతసేపు?" ఇదేంటి హాజరు తీసుకున్నట్టు అనుకున్నా. తర్వాత తెలిసింది, అది కూడా ఆ పుస్తకంలోదే, సాధన చేసేవాళ్ళ మనసులో ఏ కదలికా లేదంటే గైడ్ ముందుగా అడగాల్సింది టైము సరిగ్గా పాటిస్తున్నారా, ఎలా చేస్తున్నారు అనే. నేను పిల్లల్ని స్కూల్‌కి పంపే హడావిడి మధ్యలో, ఫోన్ ఒళ్ళో పెట్టుకుని, ఇరవై నిమిషాలు చేసి గంట చేసినట్టు ఫీలయ్యేదాన్ని. గైడ్ తక్కువ మాట్లాడటం కూడా పద్ధతేనట, ఎటూ మొగ్గకుండా తక్కెడ ముల్లులా మధ్యలో నిలబడాలి, సృష్టికర్తని తన బిడ్డతో నేరుగా మాట్లాడుకోనివ్వాలి అని పదిహేనో సూచన. మన దగ్గర సలహా ఇవ్వకుండా ఉండగలిగే మనిషి దొరకడం ఎంత కష్టమో తెలుసు కదా.

ఆవిడ నాకిచ్చిన మొదటి పని చాలా చిన్నది. కూర్చునే చోటుకి ఒకటి రెండడుగుల ముందు ఆగు, ఒక పరలోక జపం చెప్పుకునేంత సేపు నిలబడు, ప్రభువు నిన్ను చూస్తున్నారని తలుచుకో, అప్పుడు కూర్చో. అంతే. ఇదీ ఇగ్నేషియస్ గారు చెప్పిందే. నాకైతే మొదట నవ్వొచ్చింది, మన ఇంట్లోనే మన కుర్చీ ముందు గెస్ట్‌లా నిలబడటం ఏంటని. వారం చేసాక నవ్వు పోయింది. నన్ను ఎవరైనా చూస్తున్నారంటే నాకు తప్పులు ఎంచుతున్నారనే అర్థం, చిన్నప్పట్నుంచీ అంతే. ఊరికే ఇష్టంగా చూస్తున్నారు అనుకోడానికి చాలా రోజులు పట్టింది.

రెండో పని చుక్కల పుస్తకం. సాయంత్రం చేసే మామూలు ఆత్మపరిశీలన తెలుసుగా, ముందు కృతజ్ఞత, తర్వాత వెలుగు అడగడం, రోజంతా గంట గంటగా వెనక్కి తిప్పి చూసుకోవడం, క్షమాపణ, రేపటికి నిర్ణయం, చివర పరలోక జపం. అది కాక ప్రత్యేక పరిశీలన అని ఇంకోటి ఉంది. ఒకే ఒక్క తప్పు తీసుకోవాలి. అన్నీ కాదు, ఒక్కటే. పేజీలో వారానికి ఏడు వరసలు, రోజుకి రెండు గీతలు, ఆ తప్పు చేసిన ప్రతిసారీ గీత మీద ఒక చుక్క. ఆయన గీసిన నమూనాలో ఆదివారం దగ్గర పెద్ద అక్షరం ఉంటుంది, సోమవారం నుంచి చిన్నవి. నిన్నటితో ఈరోజుని, పోయిన వారంతో ఈ వారాన్ని పోల్చి చూసుకోవాలి. నేను పెద్ద పెద్దవి చెప్పబోయా, గర్వం, విశ్వాసం లేకపోవడం, అలాంటివి. సిస్టర్ గారు విని, "అవన్నీ పెద్దవమ్మా, చుక్క పెట్టడానికి కుదరవు. నిన్న రాత్రి ఏం జరిగింది?" అన్నారు. చెప్పా. గేటు తాళం. "అదే రాయి" అన్నారు.

నా నోట్‌బుక్ మొదటి పేజీ ఇప్పుడు చూస్తే సిగ్గేస్తుంది. సోమవారం 9. మంగళవారం 11. బుధవారం 8, ఆరోజు ఆఫీసు నుంచి ఆలస్యంగా వచ్చా కాబట్టి. గురువారం 13. తప్పు జరిగిన ప్రతిసారీ గుండె మీద చెయ్యి పెట్టుకుని లోపల బాధపడాలి, నలుగురిలో ఉన్నా ఎవరికీ తెలీకుండా చేయొచ్చు అంటారు ఇగ్నేషియస్ గారు. ఎవరికీ తెలీదు అనేది మా ఇంట్లో వర్కవుట్ అవలేదు. హాల్లో అరిచి, గుండె మీద చెయ్యి, మళ్ళీ అరిచి, మళ్ళీ చెయ్యి, నాలుగో రోజు మా ఆయన కంగారుగా వచ్చి "ఎడమ వైపేనా నొప్పి? ఎన్ని రోజుల నుంచి?" అని ఈసీజీ తీయిద్దామన్నారు. విషయం చెప్పాల్సొచ్చింది. విని ఏమీ అనలేదు, కాసేపయ్యాక "ఇంకొకళ్ళు కూడా రాసుకోవచ్చా అందులో" అన్నారు. వేరే నోట్‌బుక్ తెచ్చుకోమన్నా.

స్ట్రీక్‌కీ చుక్కలకీ తేడా ఏంటి, రెండూ లెక్కలే కదా అని మీకు అనిపించొచ్చు, నాకూ అనిపించింది. స్ట్రీక్‌లో మంచిని లెక్కపెడతారు, ఒక్కరోజు తప్పితే మొత్తం పోతుంది. చుక్కల్లో పోయేది ఏమీ ఉండదు, 13 తర్వాత 11 వస్తే రెండు తగ్గింది అంతే, మళ్ళీ 14 వస్తే వస్తుంది. ఎవరికీ చూపించక్కర్లేదు. ఆపైన చుక్క పెట్టాలంటే గమనించాలి, గమనించడం మొదలుపెట్టాక నాకు తెలిసిన కొత్త విషయం ఏంటంటే నా విసుగుకి మామయ్య గారికి సంబంధమే లేదు. ఆఫీసులో మాట పడ్డ రోజున చుక్కలు ఎక్కువ. ఆదివారం కూడా ఎక్కువే, పూజకి వెళ్ళొచ్చిన రోజున! ఆదివారం నాకు రెస్ట్ దొరకాలి అని నాకు నేనే అనేసుకుంటా, దొరకదు, దొరకనందుకు ఆయన మీద. ఇన్నేళ్ళూ సహనం ఇవ్వు ప్రభువా అని అడుగుతూ వచ్చా, ఇంత చిన్న సంగతి చూసుకోలేదు.

పన్నెండో వారం దగ్గర క్రీస్తు జననం ధ్యానం వచ్చింది. బైబిల్లోని సువిశేష ఘట్టాన్ని ఊహించుకుని అందులోకి వెళ్ళాలి, చూడాలి, వినాలి, వాసన కూడా. నాకు ఊహాశక్తి సున్నా, కళ్ళు మూసుకుంటే నల్లగా కనిపిస్తుంది, అంతే. సిస్టర్ గారికి అదే చెప్పా. ఆవిడ అప్పుడు ఒక వివరం చెప్పారు, నజరేతు నుంచి బేత్లెహేముకి బయల్దేరిన వాళ్ళలో ఇగ్నేషియస్ గారు మరియమ్మ, యోసేపు గారు కాక ఒక పనమ్మాయిని కూడా పెట్టారట. సువిశేషంలో లేదు, ఆయనే పెట్టుకున్నారు. పశువుల పాక దగ్గరికొచ్చేసరికి నువ్వే ఒక చిన్న దాసిగా మారిపోయి వాళ్ళని చూస్తూ వాళ్ళకి ఏం కావాలో అందించు అంటారట. అది విన్నాక నాకు దారి దొరికింది. బొమ్మ ఇప్పటికీ కనపడదు గానీ పని కనపడుతుంది. నీళ్ళు ఎక్కడున్నాయి, గుడ్డ ఆరిందా, ఆ దీపంలో నూనె ఉందా, బాలింత కాళ్ళు లాగుతున్నాయేమో, తలుపు సరిగ్గా పడిందా. పని చేసే మనిషికి ధ్యానంలో కూడా పనే దొరుకుతుందన్నమాట, ఆ అమ్మాయితో నాకు బాగా కుదిరింది. ఒకరోజు అలా ఊహించుకుంటుంటే యోసేపు గారు చీకట్లోంచి అడిగినట్టు అనిపించింది, "తలుపు గట్టిగా వేశావా అమ్మాయ్?" అని. వేసానండీ అన్నా. మళ్ళీ అడిగారు. అక్కడ ఆగిపోయా. నలభై అయిదు నిమిషాల్లో మిగతాదంతా ఏడుపే.

ఇది చదివి ప్రతి రోజూ ఇలాగే ఉంటుందేమో అనుకుని చేరకండి. పదిహేనో వారం నుంచి పంతొమ్మిది దాకా ఎండిపోయిన బావి. కూర్చుంటే నిద్ర, లేస్తే ఫోన్. ఇది మనకి సరిపడదు, మానేద్దాం, జపమాల చాలు అని మెయిల్ కూడా టైప్ చేసా. పీడీఎఫ్‌లో దీనికి "నిస్సారస్థితి" అనో ఏదో రాసారు. సిస్టర్ గారు దాన్ని "మనసుకి పొద్దుగూకడం" అనేవారు. పొద్దుగూకాక దారి మార్చకు, వెలుతురున్నప్పుడు ఏ దారి పట్టావో ఆ దారిలోనే పో, ఇగ్నేషియస్ గారు రాసిన నియమం ఇదేనమ్మా అన్నారు. ఇంకొకటి, మానేయాలనిపించిన రోజున అనుకున్న టైము కంటే కొంచెం ఎక్కువే కూర్చో అన్నారు. నలభై అయిదుకి బదులు నలభై ఏడు. ఆ రెండు నిమిషాలు ఎంత పొడుగో చేసినవాళ్ళకే తెలుసు. మెయిల్ ఇంకా డ్రాఫ్ట్స్‌లో ఉంది.

ఇక్కడ ఒక జాగ్రత్త. ఎండిపోవడం వేరు, జబ్బు వేరు. మా గ్రూప్‌లో ఒకావిడ నిద్ర లేక, ఏదీ సహించక చాలా అవస్థ పడ్డారు, వాళ్ళ గైడ్ ఇది ఆపేసి ముందు డాక్టర్‌ని కలవమన్నారు, కరెక్ట్ పని. ఇంట్లో ఈమధ్యే ఎవరైనా పోయినవాళ్ళు, డిప్రెషన్‌లో ఉన్నవాళ్ళు తొందరపడి చేరకండి. సాధనలు మనిషిని బట్టి, ఓపికని బట్టి ఇవ్వాలని ఆ పుస్తకమే చెప్తుంది.

క్రీస్తు శ్రమల మీద ధ్యానించే వారాల గురించి ఎక్కువ రాయను, అది నాకూ ప్రభువుకీ మధ్య. ఉత్థానం దగ్గర ఒక ముక్క నచ్చింది, లేచిన క్రీస్తు మొదట కనిపించింది తన తల్లికే అని పెట్టారు ఇగ్నేషియస్ గారు. లేఖనంలో ఎక్కడా రాసిలేదని ఆయనకీ తెలుసు, ఆ మాత్రం మనకి అర్థం కాదా అన్నట్టు రాసారు. మా ఆయనకి చెప్తే "కొడుకు వస్తే ముందు అమ్మ దగ్గరికి కాక ఎక్కడికెళ్తాడు" అన్నారు, గైడ్ అక్కర్లేదు ఈయనకి.

చివరి ధ్యానం ప్రేమ గురించి. ప్రేమని మాటల్లో కంటే చేతల్లో పెట్టాలి అనే మాటతో మొదలవుతుంది. ఈ వాక్యం ప్రసంగాల్లో ఎన్నిసార్లు విన్నామో లెక్కలేదు, అందుకే చప్పగా చదివి వదిలేయబోయా. సిస్టర్ గారు "మామయ్య గారి విషయంలో చెయ్యి ఏం చేయగలదు?" అన్నారు. ఆలోచిస్తే, ఇన్నాళ్ళూ ఆయన ప్రశ్నకి నేను నోటితోనే జవాబు చెప్తున్నా. వేసా, వేసా, వేసా. ఆ రాత్రి గేటు తాళం చెవి తెచ్చి ఆయన చేతిలో పెట్టా. గుప్పిట్లో పట్టుకుని పడుకున్నారు. ఆ రోజు రెండేసార్లు అడిగారు. ఇదేదో మంత్రంలా పనిచేసిందని చెప్పట్లేదు, తర్వాతి వారంలో చెవి గుప్పిట్లో ఉండగానే తొమ్మిదిసార్లు అడిగారు, ఒకసారైతే చెవి దిండు కింద పోయి పొద్దున్న అందరం గేటు లోపల ఇరుక్కుపోయాం, పిల్లల స్కూల్ బస్సు వెళ్ళిపోయింది. కానీ పిలిచినప్పుడు నేను ఇప్పుడు హాల్లోంచి అరవడం లేదు. లేచి వెళ్తున్నా. ఆయన గది గుమ్మానికి రెండడుగుల ముందు ఆగుతున్నా, కుర్చీ ముందు ఆగినట్టే. పరలోక జపం మొత్తం అవ్వదు, "మా యొక్క తండ్రీ" దాకా వచ్చేసరికి మళ్ళీ పిలుస్తారు.

ఎవరికి చెప్పొచ్చు: రోజుకి గంట తీయగలిగేవాళ్ళకి, ఇంట్లోవాళ్ళకి ముందే చెప్పి ఒప్పించుకోగలిగేవాళ్ళకి. గొప్ప అనుభూతులు కావాలనుకునేవాళ్ళు నిరాశపడతారు. పోర్టల్ మెరుపులు చూసి చేరకండి, చేరేముందు ఒక్కటే అడగండి, గైడ్ ఎవరు, మధ్యలో మారుస్తారా అని. స్ట్రీక్ సెట్టింగ్స్‌లో ఆఫ్ చేసుకోవచ్చు, నాకు ఇరవై రెండో వారంలో తెలిసింది. వచనాల లిస్టు, ఒక నోట్‌బుక్, తక్కువ మాట్లాడే గైడ్, ఈ మూడూ ఉంటే మిగతాదంతా అక్కర్లేదు, మీ విచారణలోనే (మీ చర్చి పరిధిలోనే) ఆ అనుభవం ఉన్న ఫాదర్ గారో సిస్టర్ గారో ఉంటే ఈ సర్వీస్ కూడా అక్కర్లేదు.

సిస్టర్ గారికి ఐదు స్టార్లు, ఆవిడకి ఇలాంటివి నచ్చవు. సర్వీస్‌కి మూడు. వేణువుకి అర తీసేస్తే రెండున్నర అనుకోండి. చివరి వారం నా గీతల మీద 3, 4, 2, 6, 3, 3, ఆదివారం 5. ఇది టైప్ చేస్తుండగా నాలుగుసార్లు పిలిచారు. మూడుసార్లు లేచి వెళ్ళా. నాలుగోసారి ఈ పేరా మధ్యలో ఉన్నా, కూర్చున్నచోటు నుంచే అరిచా. చుక్క పెట్టుకుని వస్తా ఉండండి.